నేల పట్టు, డిఫరెన్షియల్, పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు దక్కను పీఠభూమిలోని అతి పురాతనమైన గ్రానైటు గుట్టల మీద వెలిశాయి. మద్రాసులో ఎదిగిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలివస్తున్న కాలంలో, అంటే 1970ల నడిమి నుంచి, అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ బండల నడుమనే ఒకదాని తరువాత ఒకటిగా లేచాయి. స్టూడియో గోడల మధ్య తీయలేని దృశ్యాల కోసం ఇక్కడి నుంచి బయలుదేరే బృందాలు ఎంత దూరమైనా వెళతాయి: 2013లో బాహుబలి చిత్రీకరణ మొదలైంది కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాతివనాల్లో; 2021లో విడుదలైన పుష్ప చిత్రంలోని అడవి సన్నివేశాలకు ఆధారమైంది మారేడుమిల్లి. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ముందుగా వెళ్లి చోటు చూసి రావడానికీ, తారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి కెమెరాలను, లైట్లను లోపలికి చేర్చడానికీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే వాహనం, ఈ పరిశ్రమకు పనిముట్టుగా మారింది. అదే సమయంలో, ఎన్నడూ మట్టి తొక్కని ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కూడా ఈ వీధుల్లోనే అధికంగా తిరుగుతాయి.

అందువల్ల ఇక్కడి పాత బండ్ల విపణిలో రెండు భిన్నమైన జీవితాలు గడిపిన వాహనాలు పక్కపక్కన నిలబడి ఉంటాయి, రెండింటి వెనుకా 4×4 అన్న గుర్తు ఒకే తీరుగా మెరుస్తూ ఉంటుంది. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: ఇంజను శక్తి ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ చేరగలదు. చేరిన శక్తి ప్రతి ఇరుసులోనూ కుడి, ఎడమ చక్రాల మధ్య ఎలా పంపిణీ అవుతుందో, ఆ పంపిణీకి కింద ఉన్న నేల ఏ పరిమితి విధిస్తుందో ఆ గుర్తు చెప్పదు. బురదలో బండి కదలడమా, దిగబడడమా అన్నది ఈ రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటుంది గనుక, పాత బండి కొనేవారు ధర కన్నా, రంగు కన్నా, తిరిగిన కిలోమీటర్ల కన్నా ముందు డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె పనితీరును అర్థం చేసుకోవలసి ఉంటుంది.

మలుపు అడిగే ప్రశ్న

బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు చక్రం చిన్న వలయం మీద, బయటి వైపు చక్రం పెద్ద వలయం మీద ప్రయాణిస్తాయి. కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లు ఉన్న బండి సమకోణంలో, అంటే 90 డిగ్రీలు, తిరిగినప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా సుమారు 2.36 మీటర్లు ఎక్కువ దూరం నడుస్తుంది. మలుపు ఇరుకైనదైనా విశాలమైనదైనా ఈ తేడా మారదు, ఎందుకంటే అది చక్రాల మధ్య దూరం మీద, తిరిగిన కోణం మీద మాత్రమే ఆధారపడుతుంది. ఘాట్ రోడ్డులోని పూర్తి వెనుదిరుగు మలుపులో ఇది 4.7 మీటర్లకు చేరుతుంది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించి ఉంచితే ఈ తేడాను సరిపెట్టడానికి ఏదో ఒక చక్రం నేల మీద రాసుకుంటూ జారక తప్పదు. టైరు అరుగుతుంది, కడ్డీ మెలిపడుతుంది, బండి మలుపుకు ఎదురు తిరుగుతుంది.

ఈ చిక్కును విడదీసే గేర్ల అమరికకు ఫ్రాన్సు దేశపు గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెక్కూర్ 1820ల చివరలో పేటెంటు పొందాడు. పెట్రోలు కారు పుట్టడానికి అర్ధశతాబ్దం పైగా ముందు, ఆవిరి బండి కోసం తలపెట్టిన ఆ అమరికే నేటికీ దాదాపు ప్రతి కారులోనూ ఉంది. ఇంజను వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న గేరు, దానితో కలిసి తిరిగే క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రం ఉంటాయి. మెకానిక్కులు ఈ జతను కలిపి క్రౌన్ పినియన్ అంటారు. క్రౌనుకు బిగించిన గూడులో స్పైడర్ గేర్లు, వాటికి ఇరువైపులా ఒక్కొక్క చక్రపు షాఫ్టుకు తగిలించిన సైడ్ గేర్లు ఇమిడి ఉంటాయి. బండి తిన్నగా పోతున్నంతసేపు స్పైడర్ గేర్లు తమ చుట్టూ తాము తిరగకుండా గూడుతో పాటు కదులుతాయి. మలుపులో మాత్రం అవి తమ ఇరుసు మీద మెల్లగా తిరుగుతూ, ఒక చక్రం ఎంత వెనుకబడితే రెండో చక్రం అంత ముందుకు పోయేలా చేస్తాయి.

సమాన పంపిణీలోని నష్టం

వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఈ యంత్రం బలాన్ని మాత్రం ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. చక్రాన్ని తిప్పే బలాన్ని టార్క్ అంటారు. స్పైడర్ గేరును మధ్యలో పట్టుకొని గూడు నెడుతుంది, దాని రెండు అంచులూ రెండు సైడ్ గేర్లను నెడతాయి. తక్కెడ కాడ రెండు కొసల మీదా ఒకే బరువు ఉంటేనే నిలిచినట్లు, ఈ గేరు కూడా రెండు వైపులా ఒకే బలాన్ని మోపగలదు తప్ప ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ మోపలేదు. ఒక చక్రం కింద నేల జారుడుగా ఉండి కొద్దిపాటి బలానికే చక్రం తిరిగిపోతుంటే, రెండో చక్రం గట్టి బండ మీద ఉన్నా దానికి అందేది కూడా ఆ కొద్దిపాటి బలమే. అదనపు భాగాలేవీ లేని ఈ సాదా అమరికను ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు. తారు రోడ్డు మీద ఇంతకన్నా మేలైనది లేదు. బురదలో ఇంతకన్నా నిస్సహాయమైనదీ లేదు.

నేల ఎంత బలాన్ని ఓర్చుకుంటుందో తెలిపే సూత్రం తేలికైనది. చక్రం మీద పడే బరువును నేల స్వభావాన్ని తెలిపే ఘర్షణ గుణకంతో గుణిస్తే, ఆ చక్రం జారకుండా నేలను నెట్టగలిగిన గరిష్ఠ బలం వస్తుంది. పొడి తారు రోడ్డు, పొడి గ్రానైటు బండ మీద ఈ గుణకం సుమారు 0.7 నుంచి 0.8 వరకు ఉంటుంది. వాన పడిన తారు మీద గణనీయంగా తగ్గుతుంది. గ్రానైటు శిథిలమై ఏర్పడిన మొరం నేల నీటిని త్వరగా దిగనిస్తుంది గనుక వానలోనూ కొంత పట్టు నిలుపుకుంటుంది, అయితే వాలు మీద రేణువులు టైరు కింద దొర్లుతాయి. వికారాబాదు, జహీరాబాదుల వైపు విస్తరించిన నల్లరేగడి తీరు వేరు. ఈ నేలలోని బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారుతుంది, టైరు గాళ్లలో నిండి నాలుగు చుట్లకే టైరును నున్నటి బంక ముద్దగా చేస్తుంది, గుణకం 0.1 లేదా 0.2 స్థాయికి పడిపోతుంది. సముద్రతీరపు ఇసుకలో సమస్య జారుడు ఒక్కటే కాదు. చక్రం దిగబడిపోతూ తన ముందు తానే గట్టు కట్టుకుంటుంది, ప్రతి అడుగునా ఆ గట్టును ఎక్కవలసి వస్తుంది. అందుకే ఇసుకలో టైర్లలో గాలి తగ్గిస్తారు. నేలను తాకే టైరు భాగం పొడవు పెరిగి బరువు విస్తరిస్తుంది, చక్రం తక్కువ దిగబడుతుంది.

ఒక వాలు మీద లెక్క

ఈ రెండు విషయాలనూ కలిపి ఒక లెక్క చేస్తే 4×4 గుర్తు అసలు విలువ తెలుస్తుంది. బండి బరువు 2,000 కిలోలనీ, నాలుగు చక్రాల మీదా సమానంగా ఒక్కొక్కదానిపై 500 కిలోలు పడుతోందనీ అనుకోవాలి. ఎనిమిది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తుకు చేర్చే వాలు మీద ఈ బండి నిలిచి ఉంది. దానిని కిందికి లాగే బలం 2,000లో ఎనిమిదో వంతు, అంటే 250 కిలోల బరువుకు సమానం. ఎడమ వైపు రెండు చక్రాలూ తడి రేగడిలో, కుడి వైపు రెండూ గట్టి బండ మీద ఉన్నాయి. రేగడిలోని చక్రం 0.1 గుణకంతో 50 కిలోల బలాన్ని, బండ మీది చక్రం 0.8 గుణకంతో 400 కిలోల బలాన్ని నేలకు అందించగలవు. వాలు మీద బరువు కొంత వెనుకకు ఒరుగుతుందన్న సంగతిని లెక్క తేలికగా ఉండడానికి పక్కన పెట్టవచ్చు.

వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే బండిలో ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటే, రేగడిలోని చక్రం 50 తీసుకుంటుంది గనుక బండ మీది చక్రానికీ 50 మాత్రమే దక్కుతుంది, మొత్తం 100. బండి కదలదు. అదే బండిని ఫోర్ వీల్ డ్రైవులోకి మార్చి ముందు ఇరుసును కూడా పనిలోకి దింపితే, అక్కడా ఓపెన్ డిఫరెన్షియలే ఉన్నప్పుడు మరో 100 చేరి మొత్తం 200 అవుతుంది. కావలసింది 250, నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నా బండి ఇంకా కదలదు. ఇప్పుడు ఫోర్ వీల్ డ్రైవే లేని బండిలో వెనుక డిఫరెన్షియల్‌కు తాళం ఉండి, రెండు వెనుక చక్రాలూ ఒకే కడ్డీ మీద ఉన్నట్లు కలిసి తిరిగితే, రేగడిలోని చక్రం 50, బండ మీది చక్రం 400 ఇచ్చి మొత్తం 450కి చేరుతుంది. బండి వాలు ఎక్కుతుంది. ఫోర్ వీల్ డ్రైవుకు వెనుక తాళం తోడైతే 550, ముందు వెనుక రెండు ఇరుసులకూ తాళాలు ఉంటే 900.

తాళం ఉన్న రెండు చక్రాల బండి తాళం లేని నాలుగు చక్రాల బండిని మించిపోయే సందర్భం ఉందన్నది ఈ లెక్క చెప్పే ముఖ్యమైన సంగతి. ఇక రాళ్ల మీద ఎగుడుదిగుడుగా పోతున్నప్పుడు ముందు ఒక చక్రం, దానికి ఐమూలగా వెనుక మరో చక్రం గాలిలోకి లేచే పరిస్థితి తరచుగా వస్తుంది. గాలిలోని చక్రానికి పట్టు సున్నా. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న రెండు ఇరుసుల్లోనూ నేల మీది చక్రానికి దక్కేదీ సున్నాయే. గాలిలోని రెండు చక్రాలు గిర్రున తిరుగుతుంటే, నేల మీది రెండు కదలకుండా ఉండిపోతాయి.

ముందుకూ వెనుకకూ మధ్య

కుడి, ఎడమ చక్రాల మధ్య తేడా ఉన్నట్లే ముందు, వెనుక ఇరుసుల మధ్య కూడా మలుపులో తేడా ఉంటుంది, ఎందుకంటే ముందు చక్రాలు ఎప్పుడూ వెనుక చక్రాల కన్నా పెద్ద వలయం మీద నడుస్తాయి. వెనుక ఇరుసు అయిదు మీటర్ల వ్యాసార్ధంతో తిరిగే మలుపులో, ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లయితే, ముందు ఇరుసు సుమారు 5.57 మీటర్ల వ్యాసార్ధంతో, అంటే 11 శాతం ఎక్కువ దూరం తిరుగుతుంది. ఇంజను శక్తిని ముందుకూ వెనుకకూ చీల్చే గేరు పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. అందులో ఏముందన్న దాన్ని బట్టి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు మూడు జాతులవుతాయి.

మొదటిది పార్ట్ టైమ్ పద్ధతి. మామూలుగా వెనుక చక్రాలతో నడిచే బండిని లివరుతోనో మీటతోనో ఫోర్ వీల్ డ్రైవులోకి మార్చినప్పుడు ముందు, వెనుక షాఫ్టులు ఒకదానితో ఒకటి గట్టిగా బిగుసుకుంటాయి. మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. మట్టిలో ఆ 11 శాతం తేడాను చక్రాలు కొద్దిగా జారి సరిపెట్టుకుంటాయి. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు గనుక షాఫ్టుల్లో మెలి పేరుకుపోయి, స్టీరింగు బిగుసుకొని, చివరికి గేర్లో గొలుసో దెబ్బతింటాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ, మహీంద్రా థార్, శ్రీసిటీలోని కర్మాగారం నుంచి 2016లో వచ్చిన ఇసుజు వి క్రాస్ పికప్పు ఈ జాతికి చెందినవి. రెండోది ఫుల్ టైమ్ పద్ధతి; మధ్యలో మరో డిఫరెన్షియల్ ఉండి నాలుగు చక్రాలూ నిత్యం పనిచేస్తాయి, అవసరమైనప్పుడు మధ్య డిఫరెన్షియల్‌కు తాళం వేస్తారు. మూడోది ఆల్ వీల్ డ్రైవ్. 2014లో వచ్చిన రెనో డస్టర్ ఏడబ్ల్యూడీలో వలె, ముందు చక్రాలు జారినప్పుడు పలకల క్లచ్చు బిగిసి వెనుకకు శక్తిని పంపుతుంది. వానాకాలపు రోడ్లకు, తేలికపాటి మట్టి దారులకు ఇది చాలు. గంటల తరబడి బురదలో శ్రమిస్తే ఆ క్లచ్చు వేడెక్కి పని ఆపుతుంది.

ఒకే పేరు వెనుక వేర్వేరు జాతులు ఉండవచ్చన్నది కొనేవారు గుర్తుంచుకోవలసిన విషయం. 2009లో వచ్చిన తొలి తరం టయోటా ఫార్చూనర్ 4×4 ఫుల్ టైమ్ పద్ధతిది. 2016 చివరలో వచ్చిన రెండో తరం పార్ట్ టైమ్ పద్ధతిది. తొలి తరం బండిని నిత్యం నాలుగు చక్రాలతో తారు మీద నడిపిన అలవాటుతో రెండో తరం బండినీ అలాగే నడిపితే దాని గేర్లు పాడవుతాయి. 2023 జనవరి నుంచి థార్ కూడా వెనుక చక్రాల నడక మాత్రమే ఉన్న రకంలో దొరుకుతోంది. దూరం నుంచి చూస్తే రెండింటికీ తేడా కనిపించదు.

ట్రాన్స్‌ఫర్ కేసులో ఫోర్ లో అన్న స్థానం ఇంజను టార్కును మరో రెండున్నర రెట్ల మేర పెంచి వేగాన్ని ఆ మేరకే తగ్గిస్తుంది. ఇది నేల పట్టును ఒక్క కిలో కూడా పెంచదు. చక్రాన్ని మెల్లగా, అదుపులో తిప్పే వీలు కల్పించి, ఉన్న పట్టును చెదరకుండా కాపాడుతుంది. అలాగే, బ్రేకు వేసేటప్పుడు ప్రతి కారూ నాలుగు చక్రాలతోనే ఆగుతుంది గనుక, వానలో జూబ్లీహిల్స్ వాలు దిగుతున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి మామూలు కారు కన్నా ముందుగా ఆగదు. బరువు, ఎత్తు ఎక్కువైనందువల్ల దానికి మరింత జాగ్రత్తే కావాలి.

తాళాల రకాలు

ఓపెన్ డిఫరెన్షియల్ బలహీనతకు కనుగొన్న మందులు నాలుగు. డ్రైవరు మీటతో వేసే పూర్తి తాళం వీటిలో అత్యంత బలమైనది; ఫోర్స్ గూర్ఖా రకాల్లో కొన్నింటికి ముందు, వెనుక రెండు ఇరుసులకూ ఇవి ఉన్నాయి. తాళం వేసి ఉన్నంతసేపు బండి తిన్నగా పోవాలనే చూస్తుంది గనుక మలుపు ముందు తీసేయాలి. రెండోది తనంతట తాను పడే యాంత్రిక తాళం. 2010లో వచ్చిన థార్‌కు 2015 మార్పులతో వెనుక ఇరుసులో చేరిన ఈటన్ తాళం ఇలాంటిది: రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు వంద చుట్లు దాటగానే లోపలి చిన్న గుండ్లు విచ్చుకొని పలకలను బిగిస్తాయి, గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటిన తరువాత అది పనిలోకి రాదు. దీనిని ఎరగని డ్రైవరు చక్రం జారగానే యాక్సిలరేటరు నుంచి కాలు తీస్తాడు, తాళం పడే అవకాశాన్ని పోగొట్టుకుంటాడు. ఎరిగినవాడు ఒక క్షణం ఓర్పుగా తొక్కి ఉంచుతాడు.

మూడోది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. క్లచ్చు పలకలతోనో, 1958లో అమెరికాలో వెర్నన్ గ్లీస్మన్ పేటెంటు పొందిన టోర్సెన్ తరహా మరగేర్లతోనో పనిచేస్తుంది. జారే చక్రం ఓర్చుకున్న బలానికి కొన్ని రెట్లు రెండో చక్రానికి పంపడం మరగేర్ల పద్ధతి. మూడు రెట్లనుకుంటే పై లెక్కలో 50కి 150 తోడై ఒక్కో ఇరుసుకు 200 వస్తుంది; అయితే ఒక చక్రం గాలిలో ఉంటే సున్నాకు మూడు రెట్లు సున్నాయే. నాలుగోది ఎలక్ట్రానిక్ పద్ధతి, దీనిలో గిర్రున తిరుగుతున్న చక్రానికి కంప్యూటరు బ్రేకు వేస్తుంది. బ్రేకు 150 కిలోల ప్రతిఘటన కల్పిస్తే ఆ వైపు తిప్పడానికి 200 కావాలి, డిఫరెన్షియల్ సమానంగా పంచుతుంది గనుక రెండో వైపూ 200 అందుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ లోపాన్నే సాధనంగా మార్చిన ఈ ఆలోచన తెలివైనది, చవకైనది. 2023లో వచ్చిన మారుతి జిమ్నీ ఈ దారినే నమ్ముకుంది. ఇంజను శక్తిలో కొంత బ్రేకుల వేడిగా పోవడం, పొడవైన బురద దారిలో బ్రేకులు కాగిపోవడం దీని పరిమితులు.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

ఈ అవగాహనతో పాత బండి దగ్గరకు వెళ్లినవారు మొదట చూడవలసింది బండి అడుగు భాగం. వెనుక ఇరుసు మధ్యలో ఉబ్బుగా కనిపించే డిఫరెన్షియల్ హౌసింగు మీద గ్రానైటు రాసుకున్న గీతలు, సొట్టలు ఉంటే బండి ఎక్కడ తిరిగిందో అవే చెబుతాయి. మిగతా అడుగంతా పాతగా ఉండి హౌసింగు మీద మాత్రమే కొత్త నల్లరంగు ఉంటే దాని కింద ఏముందో అడగాలి. గీతలు ఉండడం నేరం కాదు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేయవలసిన పని చేసిందనడానికి అవి సాక్ష్యం. సీళ్ల దగ్గర గేర్ ఆయిల్ కారడం, హౌసింగు పగిలి వెల్డింగు పడడం మాత్రం ఖర్చుకు సూచన.

తరువాతిది ఆయిల్ పరీక్ష. ముందు, వెనుక డిఫరెన్షియళ్లకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు వేర్వేరు నింపుడు బిరడాలు ఉంటాయి. మెకానిక్కు సాయంతో మూడింటినీ తెరిపించి వేలితో తాకి చూడాలి. ముదురు గోధుమ రంగు సహజం. పాల మాదిరి తెల్లబడితే నీరు చేరినట్లు: వేడిగా ఉన్న ఇరుసు చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుదించుకుపోయి, బ్రీదర్ అనే చిన్న గొట్టం గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానలకు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరదకు ఎన్నో వాహనాలు నీట నానాయి గనుక, ఈ ప్రాంతంలో ఈ పరీక్షను వదలకూడదు. అడుగు బిరడాకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదలే. తళుకులీనే రేకులు, గేరు పంటి ముక్కలు కనిపిస్తే క్రౌన్ పినియన్ ఆయువు తీరినట్లే.

మూడోది చెవితో చేసే పరీక్ష. అవుటర్ రింగు రోడ్డు వంటి నునుపైన దారిలో పాటలు, ఏసీ ఆపి గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల మధ్య నడిపించాలి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రమే ఈల వంటి మోత వచ్చి, కాలు తీయగానే ఆగితే గేరు పళ్ల లాగుడు వైపు అరిగిందని. కాలు తీసినప్పుడు మాత్రమే వస్తే రెండో వైపు అరిగిందని. రెండు సందర్భాల్లోనూ ఒకే తీరున హోరు వినిపిస్తే బేరింగులను అనుమానించాలని అర్థం. గేరు వేసి క్లచ్చు వదలగానే కింద ఠంగుమని శబ్దం వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లలోనో క్రౌన్ పినియన్‌లోనో ప్లే పెరిగిందన్నమాట. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా తిప్పి మెల్లగా వలయం చుట్టినప్పుడు ముందు చక్రాల దగ్గర టకటకమంటే ముందు షాఫ్టుల కీళ్లు అరిగాయి.

నాలుగో పరీక్ష మట్టిలో చేయాలి, తారు మీద చేయమని అమ్మేవారు అన్నా ఒప్పుకోకూడదు. డాష్‌బోర్డు మీద 4×4 దీపం వెలిగినంత మాత్రాన ముందు చక్రాలు లాగుతున్నాయనుకోవడానికి వీల్లేదు. పాత జీపులు, జిప్సీల వంటి వాటిలో ముందు చక్రాల దగ్గర ఫ్రీ వీల్ హబ్ ఉండి, అది పట్టకపోతే షాఫ్టు వృథాగా తిరుగుతుంది. వదులైన మొరం మీద బండిని ఫోర్ వీల్ డ్రైవులో నిలిపి ఒక్కసారిగా ముందుకు దూకించి, దిగి నేలను చూడాలి. వెనుక చక్రాలు తవ్విన గుంటలు, వాటి వెనుక చిమ్మిన రేణువులు ఎలాగూ ఉంటాయి. ముందు చక్రాలు బయలుదేరిన చోట కూడా అలాంటి తవ్వుడు గుర్తులు ఉన్నాయా, లేక ఒత్తిన టైరు అచ్చు మాత్రమే ఉందా అన్నదే అసలైన సమాధానం. తవ్వుడు ఉంటే ముందు ఇరుసు పని చేస్తోంది. తరువాత ఫోర్ లో వేసి, తీసి, లివరు ఇరుక్కోకుండా వస్తోందో లేదో చూడాలి.

అయిదోది ఏ రకం డిఫరెన్షియల్ ఉందో తేల్చే పరీక్ష. ముందు చక్రాలకు గట్టి ఆనువులు పెట్టి, వెనుక ఇరుసును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపి, ఇంజను ఆపి మొదటి గేరులో ఉంచి ఒక వెనుక చక్రాన్ని చేతితో తిప్పితే, రెండో చక్రం వ్యతిరేక దిశలో తేలికగా తిరిగితే అది ఓపెన్. అసలు తిరగకుండా మొరాయిస్తే లోపల పూర్తి తాళమో బిగువైన క్లచ్చు పలకలో ఉన్నట్లు. వేగాన్ని బట్టి పడే తాళం మాత్రం చేతి వేగానికి పడదు గనుక ఓపెన్‌లాగే కనిపిస్తుంది. దానిని గుంటలో ఒక చక్రం తేలేలా నిలిపి మెల్లగా నడిపి చూడవలసిందే. బండి జాకీ మీద ఉండగా ఇంజను శక్తితో ఈ పరీక్ష చేయడం ప్రాణాపాయం. తాళం పడిన మరుక్షణం బండి జాకీ మీది నుంచి ముందుకు దూకుతుంది.

ఇరుసు ఎప్పుడైనా మార్చారా అన్న అనుమానాన్ని కూడా చేతితో తీర్చుకోవచ్చు. గేరును న్యూట్రలులో ఉంచి, ఒక వెనుక చక్రం నేల మీద ఉండగా లేచి ఉన్న రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తే అదే ఆ ఇరుసు గేరు నిష్పత్తి. ముందు ఇరుసునూ ఇలాగే, హబ్‌లు పట్టి ఉండగా, లెక్కిస్తే తయారీదారు నిర్దేశించిన సంబంధం రెండింటి మధ్య ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ వేసిన ప్రతిసారీ రెండు ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. టైర్ల విషయంలోనూ ఇదే నియమం. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి; కొత్త టైరు, అరిగిన టైరు చుట్టుకొలతల తేడాను తిన్నటి దారిలో కూడా డిఫరెన్షియల్ నిరంతరం మోస్తుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి.

చివరగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని రకం పేరు 4×4 అని ఉందో లేదో, ఇంజను, చాసిస్ అంకెలు సరిపోతున్నాయో లేదో చూడాలి. తయారీదారు రూపకల్పనకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది గనుక, ఎత్తు పెంచి భారీ టైర్లు తొడిగిన బండి కొనేవారు యాంత్రిక నష్టంతో పాటు చట్టపరమైన చిక్కునూ కొంటున్నట్లే. పెద్ద టైరు ప్రతి షాఫ్టు మీద, ప్రతి గేరు పంటి మీద భారాన్ని పెంచుతుంది.

అవసరానికి తగిన ఎంపిక

నగరంలోనే తిరుగుతూ అప్పుడప్పుడు అనంతగిరి కొండల మట్టి దారి పట్టేవారికి ఆల్ వీల్ డ్రైవ్ బండి, మంచి టైర్లు సరిపోతాయి; పార్ట్ టైమ్ బండి కొని ఏళ్ల తరబడి ఫోర్ వీల్ డ్రైవ్ వేయకుండా ఉంచితే అందులోని లింకులు, హబ్‌లు బిగుసుకొని, అవసరం వచ్చిన రోజున పనిచేయవు. వానాకాలంలో మారేడుమిల్లి అడవికి సామగ్రి చేర్చవలసిన బృందానికి ఫోర్ లో గేరు, కనీసం వెనుక ఇరుసుకు ఒక తాళం అవసరం. తాళం లేని కొత్త నమూనా కన్నా, గీతలు పడినా గేర్లు ఆరోగ్యంగా ఉండి తాళం ఉన్న పాత బండి వారికి నమ్మకమైన తోడు. తాళం లేని బండి మిగతా అన్ని విధాలా బాగుంటే, ఎలక్ట్రానిక్ సాయం ఉందేమో చూసి, దాని పరిమితికి లోబడి దారులు ఎంచుకోవాలి.

పాత బండి ధరను నిర్ణయించేటప్పుడు కూడా ఈ వరుసే పాటించడం న్యాయం: ముందుగా రెండు ఇరుసుల లోపలి స్థితి, తరువాత ట్రాన్స్‌ఫర్ కేసు, తరువాత టైర్లు, ఆ తరువాతే రంగు, సీట్లు, సంగీత పరికరాలు. రంగు వేయించడం, సీట్లు మార్చడం ఏ వీధిలోనైనా జరిగే పని. క్రౌన్ పినియన్ మార్చి దంతాల మధ్య ఎడాన్ని సరిగ్గా కుదర్చగల చేయి మాత్రం అరుదు, ఖర్చూ ఎక్కువ. నాలుగు చక్రాలకూ శక్తి పంపే యంత్రానికి డబ్బు చెల్లించేవారు, ఆ శక్తిలో ఎంత నేలకు చేరుతుందో లెక్కగట్టుకున్నాకే చెల్లించడం వివేకం.